వార్తల్లో పదం: హార్మోన్ రిసెప్టర్

రొమ్ము క్యాన్సర్ అని బయాప్సీలో తేలగానే అదే ముక్కపై ఇంకో పరీక్ష చేస్తారు. రిపోర్టులో ఈఆర్, పీఆర్ అని కనిపించేవి దాని ఫలితాలే. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను పట్టుకునే ప్రోటీన్లే ఈ రిసెప్టర్లు. హార్మోన్ వచ్చి అతుక్కోగానే రిసెప్టర్ డీఎన్‌ఏ మీద చేరి, కణం పెరగడానికి కావాల్సిన జన్యువులను మేల్కొలుపుతుంది. ఈస్ట్రోజన్ రిసెప్టర్‌ను 1950ల చివర్లో షికాగోలో ఎల్‌వుడ్ జెన్‌సెన్ గుర్తించారు. టామాక్సిఫెన్ అనే మందు ఎవరికి పనిచేస్తుందో ఈ పరీక్షతోనే తెలుస్తుంది.

మరి విటమిన్లకు ఈ రిసెప్టర్లతో ఏం పని? రిసెప్టర్‌లో డీఎన్‌ఏను పట్టుకునే భాగం జింక్ మీద ఆధారపడి నిలుస్తుంది. ఆక్సీకరణ జరిగితే ఆ పట్టు సడలుతుంది. అందుకే సి, ఇ లాంటి యాంటీ ఆక్సిడెంట్ విటమిన్లు రిసెప్టర్ తీరును మార్చవచ్చని పరిశోధకుల ఆలోచన. ల్యాబ్‌లో పెంచిన కణాల్లో విటమిన్ ఇ ఈస్ట్రోజన్ రిసెప్టర్‌ను తగ్గించింది. వినడానికి బాగుంది. కానీ అదే విటమిన్ టామాక్సిఫెన్ పనికి అడ్డుపడినట్లూ ల్యాబ్ ప్రయోగాల్లోనే తేలింది.

మనుషుల్లో ఆధారాలు ఇంకా పలుచనే. 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం 1,134 మంది రోగులను పరిశీలించింది. కీమోకు ముందూ, కీమో సాగుతుండగానూ యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వాడినవారిలో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. అయితే అది గణాంకపరంగా రుజువు అనదగినంత బలమైన తేడా కాదు.

ఉసిరికాయ, జామపండు తినడానికి ఎవరూ భయపడనక్కర్లేదు. ఆందోళనంతా చీటీ లేకుండా దొరికే పెద్ద మోతాదు మాత్రల గురించే. చికిత్సలో ఉన్నవారు వాటి సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.