రోజుకో మిల్లీమీటరు!

1903 ఏప్రిల్ 25. లండన్‌లో ఓ ఆపరేషన్. ఎడమ ముంజేతిలో స్పర్శ తెలిపే నరాన్ని కావాలనే కోశారు. కోసిన కొసల్ని సన్నని పట్టుదారంతో మళ్లీ కలిపి కుట్టారు. ఆ చెయ్యి ఎవరిదో కాదు... పేరున్న నరాల వైద్యుడు హెన్రీ హెడ్‌ది!

తెగిన నరం ఎలా కోలుకుంటుందో రోగుల్ని అడిగితే సరైన జవాబు దొరకడంలేదని తన చేతినే పరీక్షకు పెట్టాడాయన. ఆ తర్వాత నాలుగేళ్లపాటు వీలైనప్పుడల్లా కేంబ్రిడ్జి వెళ్లేవాడు. ఆయన కళ్లు మూసుకుంటే మిత్రుడు రివర్స్ ఆ చేతిని సూదితో గుచ్చేవాడు, దూదితో నిమిరేవాడు. ముందు నొప్పి తిరిగొచ్చింది. కానీ ఎక్కడ గుచ్చారో చెప్పలేకపోయాడు. దూది తగిలితే తెలియడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

దారి మిగులుతుంది

నరమంటే ఒక్క తీగ కాదు, వేల తంతువుల కట్ట. అది తెగితే అక్కణ్నుంచి కిందికున్న తంతువులన్నీ కొద్దిరోజుల్లో నశిస్తాయి. అగస్టస్ వాలర్ 1850లోనే కప్ప నాలుక నరాల్లో ఈ సంగతి గమనించాడు. తంతువులు పోయినా వాటి చుట్టూ ఉన్న గొట్టాల్లాంటి తొడుగులు మిగులుతాయి. అందులోని ష్వాన్ కణాలు కొత్త మొలకలకు దారి చూపిస్తాయి.

అందుకే వైద్యులు కుట్టేది తంతువుల్ని కాదు, పైతొడుగుని. అదీ మైక్రోస్కోపులో చూస్తూ, వెంట్రుకకన్నా సన్నని దారంతో! మధ్యలో ముక్క పోతే పిక్క వెనక నుంచి ఓ నరం తీసి అతుకుతారు. దానివల్ల పాదం అంచు కాస్త మొద్దుబారుతుంది, నడకకు మాత్రం ఇబ్బంది ఉండదు.

ఇక మిగిలింది ఎదురుచూపే. మొలక రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు సాగుతుంది. అది ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకునే చిట్కాను ఫ్రెంచి వైద్యుడు జూల్ టినెల్ 1915లో చెప్పాడు. నరం మీద వేలితో తడితే మొలక చేరినచోట చీమలు పాకినట్టు ఉంటుంది!

కండరం ఆగదు

మణికట్టు దగ్గర తెగితే వేలికొసల దాకా ఆరేడు నెలల ప్రయాణం. బైకు ప్రమాదంలో మెడ దగ్గర నరాలు తెగితే అరచేతికి చేరడానికి రెండేళ్లు దాటొచ్చు. ఆజ్ఞలు అందని కండరమేమో ఏడాది, ఏడాదిన్నరకే కోలుకోలేనంతగా క్షీణిస్తుంది. నరం చేరేసరికి అందుకునేవాళ్లే ఉండరు!

దీనికి ఫ్రాన్స్ వైద్యుడు ఒబెర్లిన్ బృందం 1994లో ఓ ఉపాయం ప్రకటించింది. చేతికి వెళ్లే మరో నరం బాగుంటే, అందులోంచి ఒక చిన్న పాయని తీసి మోచేతిని వంచే కండరం పక్కనే కలిపేస్తారు. మూరెడు దారి కాస్తా బెత్తెడవుతుంది.

అందుకే గాజుపెంకో, సంక్రాంతి గాలిపటం మాంజానో కోసుకున్నప్పుడు పైన కుట్లు పడ్డాయి కదా అని ఊరుకోకూడదు. వేలు మొద్దుబారినా, వంచలేకపోయినా వెంటనే చేతి శస్త్రచికిత్స నిపుణులకు చూపించాలి. శుభ్రంగా తెగిన నరాన్ని తొలిరోజుల్లోనే కుడితే మంచిది. స్పర్శ వచ్చేదాకా వేడిగిన్నెలతో జాగ్రత్త... కాలినా తెలియదు. వేళ్లు బిగుసుకుపోకుండా రోజూ కదిలిస్తుండాలి.

నరానికి తొందరపడటం తెలియదు. తొందరపడాల్సింది మనమే!