ఎర్రగా ఉన్నదల్లా మొరం కాదు

పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాల్లో ఎర్ర నేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. మెట్ట సేద్యం మీద పరిశోధనకు 1972లో పుట్టిన సంస్థకు అది వరం. ఆ చుట్టుపక్కల ఫ్లైఓవర్ కట్టే ఇంజినీరుకు మాత్రం అదే చిక్కు.

ఫ్లైఓవర్ ఎక్కే దారికి అటూ ఇటూ కాంక్రీటు పలకల గోడ కనిపిస్తుంది. సైట్ మీద దాన్ని ఆర్‌ఈ (రీఇన్‌ఫోర్స్‌డ్ ఎర్త్) వాల్ అంటారు. నిజంగా గోడ ఆ పలకలు కావు, వాటి వెనక మట్టి. అందులో పొరపొరకూ ఇనుప పట్టీలో, జియోగ్రిడ్లో (గట్టి ప్లాస్టిక్ వలలు) పరిచి పలకలకు తగిలిస్తారు. ఫ్రెంచ్ ఇంజినీరు ఆంరీ విదాల్ 1963లో పేటెంటు పొందిన పద్ధతి ఇది.

ఇక్కడ పట్టంతా రాపిడిదే. ఆరు మీటర్ల లోతున చదరపు మీటరుకు సుమారు 11 టన్నుల బరువు పడుతుంది. రేణువులు గరుకుగా ఉంటే ఆ బరువే పట్టీని బిగిస్తుంది. అదే రేగడి అయితే, వాననీరు బయటికి పోలేక లోపలే నిలిచి బరువులో కొంత తానే మోస్తుంది. రేణువుల మధ్య ఒరిపిడి తగ్గి పట్టీ సడలుతుంది. తడిసిన రేగడి ఉబ్బి పలకల్ని ముందుకు నెడుతుంది కూడా. ఎండాకాలం రేగడి చేలో చెయ్యి దూరే బీటలు చూసినవాళ్లకు దాని బలమెంతో చెప్పక్కర్లేదు.

అందుకే నింపే మట్టిలో 75 మైక్రాన్ల జల్లెడలోంచి దిగే పిండి 15 శాతం లోపే ఉండాలంటారు. బంకతనాన్ని చెప్పే ప్లాస్టిసిటీ ఇండెక్స్ 6 దాటకూడదు, రాపిడి కోణం 30 డిగ్రీలకు తగ్గకూడదు.

మొరం ఈ పరీక్ష నెగ్గుతుందనే ధీమా మనవైపు ఎక్కువ. నాకు భయం అక్కడే. ఎర్ర నేలల్లో పై దుబ్బ కింద బంకమన్ను పేరుకున్న పొర ఉంటుంది, రాయి చివికిన అసలు మొరం ఇంకా కిందుంటుంది. రెండూ ఎరుపే. గాజు గ్లాసులో గుప్పెడు మట్టి వేసి నీళ్లు పోసి కలపండి. ఇసుక నిమిషంలో అడుగు చేరుతుంది, బంకమన్ను ఉంటే నీళ్లు గంటలైనా తేరుకోవు. ఇది ల్యాబ్ పరీక్షకు బదులు కాదు, లారీని పక్కన ఆపి అడగడానికి చాలు. క్రషర్ డస్ట్ కలిపి సరిచేద్దామన్నా డస్ట్‌లోనూ పిండి ఉంటుంది, కలిపాక మళ్లీ జల్లించి చూడాలి.

ఫ్యాక్టరీల వ్యర్థాలు పారిన నక్కవాగు లాంటి చోట్ల తవ్విన మట్టికి ఇంకో పరీక్ష తప్పదు. క్లోరైడ్లు, సల్ఫేట్లు ఇనుప పట్టీని తినేస్తాయి, క్షారం ఎక్కువైతే పాలిస్టర్ జియోగ్రిడ్ బలం తగ్గుతుంది. పలకలు బిగించి రోడ్డు వేశాక ఆ పట్టీని మళ్లీ చూసే వీలుండదు.