షాక్‌వేవ్ రెక్కను తాకే చోట ఏం జరుగుతుంది?

విమానం ధ్వని వేగాన్ని దాటకపోయినా దాని రెక్క మీద షాక్‌వేవ్ పుడుతుంది. ఎందుకు?

ధ్వని వేగంలో 80 శాతం (మాక్ 0.8) ప్రాంతంలో ఎగిరే జెట్ విమానం రెక్క పైవంపు మీదుగా గాలి మరింత వేగం అందుకుంటుంది. అక్కడ కొంతమేర ధ్వనిని మించిపోతుంది. వెనక అంచుకు చేరేలోగా మళ్ళీ నెమ్మదించాలి. అది వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని మేరలో ఒక్కసారిగా జరిగిపోతుంది. అదే షాక్‌వేవ్. దాన్ని దాటగానే గాలి పీడనం, వేడి పెరుగుతాయి. ఎండ సరైన కోణంలో పడితే కిటికీ పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకు రెక్క మీద సన్నని గీతలా దాని నీడ కనిపిస్తుంది కూడా. తప్పక చూడాల్సిన దృశ్యం అది.

మరి రెక్కను తాకే చోట?

రెక్క ఉపరితలాన్ని ఆనుకున్న గాలి దానికే అంటుకుని ఆగిపోతుందని, పైకి పోయేకొద్దీ పలచటి పొరలో వేగం పుంజుకుంటుందని 1904లో జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంటల్ వివరించారు. కాలువలో గట్టు పక్కన నీరు మందకొడిగా, నడిమధ్య చురుగ్గా పారినట్టే. ఇదే బౌండరీ లేయర్. మొత్తం చిక్కు ఇందులోనే ఉంది. ధ్వనిని మించిన ప్రవాహంలో వెనక పెరిగిన పీడనం సంగతి ముందున్న గాలికి చేరదు. కానీ ఈ పొర అడుగున గాలి ధ్వని కన్నా నెమ్మది. కాబట్టి షాక్‌వేవ్ వెనకనున్న పీడనం ఆ అడుగు దారిన ప్రవాహానికి ఎదురు పాకుతుంది. పొర ముందే నెమ్మదించి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీదుగా పోవాల్సిన పైగాలి పైకి వంగి, మరో ఏటవాలు తరంగాన్ని పుట్టిస్తుంది. దాంతో షాక్‌వేవ్ పాదం రెండుగా చీలి గ్రీకు అక్షరం లామ్డాలా కనిపిస్తుంది.

షాక్‌వేవ్ బలహీనమైతే కథ అక్కడితో ఆగుతుంది. దాని ముందు గాలి వేగం మాక్ 1.3 దాటే సరికి, సుడులతో నిండిన పొర కూడా రెక్కను వదిలి లేస్తుంది. సుడులు లేని నునుపైన పొరయితే అంతకన్నా చాలా ముందే లేస్తుంది. అడుగున గాలి వెనక్కు తిరిగి బుడగలా చేరుతుంది. ఆ బుడగ, షాక్‌వేవ్ కలిసి ముందుకూ వెనక్కూ ఊగితే విమానాన్ని పైకెత్తే బలం (లిఫ్ట్) హెచ్చుతగ్గులై రెక్క అదురుతుంది. దీన్నే బఫెట్ అంటారు. ఈ ఊగిసలాట పొరలోని సుడుల కన్నా ఎంతో నెమ్మదిగా సాగుతుంది. దానికి మూలం ముందున్న పొరలో ఉందా, వెనకనున్న బుడగలో ఉందా అన్నదానిపై పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్నారు.

విరుగుడు? రెక్క మీద వరసగా నిలబెట్టే చిన్న రేకులు, అంటే వోర్టెక్స్ జనరేటర్లు, పైనున్న వేగపు గాలిని అడుగుకు దింపి పొరకు బలమిస్తాయి. నాసా ఇంజనీరు రిచర్డ్ విట్‌కాంబ్ పైభాగాన్ని చదును చేసి షాక్‌వేవ్‌నే బలహీనపరిచారు. ఆయన సూపర్‌క్రిటికల్ రెక్క 1971లో ఎగిరింది. నా దృష్టిలో ఇదే మేలైన దారి, ఎందుకంటే ఇది జబ్బును మొదట్లోనే తగ్గిస్తుంది.

ధ్వనిని మించిన వేగంతో పారే గాలిలోనే ఇంధనాన్ని మండించే స్క్రామ్‌జెట్ ఇంజిన్‌లో ఆ వెసులుబాటు లేదు. 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరం నుంచి ఎగిరిన డీఆర్‌డీఓ హైపర్‌సోనిక్ వాహనం స్క్రామ్‌జెట్ 20 సెకన్లకు పైగా మండింది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల డీఆర్‌డీఎల్ నడిపిన ప్రాజెక్టు అది. ఇలాంటి ఇంజిన్‌లో షాక్‌వేవ్‌లు గోడ నుంచి గోడకు తగులుతూ వరసగా సాగుతాయి, తగిలిన ప్రతిచోటా బౌండరీ లేయర్ ఎదురవుతుంది. మంట వల్ల పెరిగిన పీడనం ఆ పొరల గుండా ముందుకు పాకి, మొత్తం వరసనూ ఇంజిన్ నోటి బయటికి నెట్టేస్తే లోపలికి గాలి సరిగా అందదు. అందుకే గాలి నోటికీ మంట గదికీ నడుమ ఐసోలేటర్ అనే గొట్టం ఉంచుతారు. షాక్‌వేవ్‌ల వరసంతా అందులోనే ఇమిడేంత పొడవు దానికి ఉండాలి.