పిల్లల ఎముకల డాక్టర్‌కు కుడిభుజం.. ఎవరీ ఫిజీషియన్ అసిస్టెంట్? ఏం చదవాలి?

కర్నూలు, కడప: పుట్టిన బిడ్డ పాదాలు లోపలికి తిరిగి ఉంటే ఊళ్లో మొదట వినిపించే మాట ‘గ్రహణం పట్టింది’. నిజానికి గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. వైద్యులు దీన్ని క్లబ్‌ఫుట్ అంటారు. దాదాపు వెయ్యి మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. పెద్ద ఆపరేషన్ లేకుండానే సరిచేయొచ్చు. కాకపోతే అది ఒక్క రోజులో అయ్యే పని కాదు, డాక్టర్ ఒక్కరే చేసే పనీ కాదు. ఇలాంటి చోటే ఫిజీషియన్ అసిస్టెంట్ అవసరం పడుతుంది.

వారం వారం కట్టు

అమెరికాలోని అయోవాలో డాక్టర్ ఇగ్నాసియో పోన్‌సెటి రూపొందించిన పద్ధతినే ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. పాదాన్ని చేత్తో మెల్లగా సరిచేస్తూ వారానికోసారి తొడ వరకు పిండికట్టు మారుస్తారు. సాధారణంగా ఐదు నుంచి ఏడు కట్లు పడతాయి. చాలా మంది పిల్లలకు మడమ నరానికి చిన్న కోత పెట్టి, మూడు వారాలు చివరి కట్టు ఉంచుతారు. తర్వాత పట్టీ బూట్లు వేయాలి. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపై నాలుగైదేళ్లు వచ్చేదాకా నిద్రలో వేసి ఉంచాలి. బూట్లు మానేస్తే పాదం మళ్లీ వంకర తిరిగే ప్రమాదం ఎక్కువ.

అసిస్టెంట్ పనేంటి?

సర్జన్ పర్యవేక్షణలో బిడ్డ వివరాలు రాసుకోవడం, పరీక్షించడం, కట్టు వేయడంలో, ఆపరేషన్‌లో సాయపడటం, తల్లికి బూట్లు తొడగడం నేర్పడం, మళ్లీ రావాల్సిన తేదీ గుర్తుచేయడం. అయితే వీరు డాక్టర్లు కారు. సొంతంగా క్లినిక్ పెట్టుకునే వీల్లేదు.

ఈ వృత్తి 1965లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో మొదలైంది. నేవీలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవారే తొలి విద్యార్థులు. మన దేశంలో 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో ప్రముఖ గుండె సర్జన్ డాక్టర్ కె.ఎం.చెరియన్ దీనికి శ్రీకారం చుట్టారు. ఆఫ్రికాలోని మలావీలో అయితే డాక్టర్లు కాని ఆర్థోపెడిక్ క్లినికల్ ఆఫీసర్లే శిక్షణ తీసుకుని క్లబ్‌ఫుట్ కట్లు వేస్తున్నారు.

ఏం చదవాలి?

ఇంటర్‌లో సైన్స్ గ్రూపు, ముఖ్యంగా బైపీసీ చదివినవారు ఈ డిగ్రీలో చేరొచ్చు. సాధారణంగా నాలుగేళ్ల కోర్సు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. పిల్లల ఎముకల విభాగంలో పట్టు మాత్రం ఉద్యోగంలో చేరాక సర్జన్ దగ్గర పనిచేస్తేనే వస్తుంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఫిజీషియన్ అసోసియేట్లను గుర్తించింది. ఫీజు కట్టే ముందే కాలేజీకి యూనివర్సిటీ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి.

సీమలో ఎందుకు ముఖ్యం?

ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పరుగెత్తే అలవాటు సీమలో ఇంకా ఉంది. పిల్లల ఎముకలు పెరిగే దశలో ఉంటాయి. ఎముక చివర్లలోని పెరిగే భాగం దెబ్బతింటే కాలు పొట్టిగానో, వంకరగానో మిగిలిపోవచ్చు. అందుకే ముందు ఎక్స్‌రే, ఆ తర్వాతే కట్టు.

ఇంకో సమస్య వలస. ఆదోని, కోసిగి వైపు నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్తాయి. చంటిబిడ్డా వెంటే వెళ్తుంది. కట్టు వారం తప్పుతుంది, బూట్లు మూలన పడతాయి. డాక్టర్‌కు రోజూ వచ్చే రోగులతోనే తీరిక ఉండదు. రాని బిడ్డ గురించి ఆరా తీసి, ఫోన్ చేసి పిలిపించే మనిషి ఒకరుంటే ఆ చికిత్స నిలబడుతుంది.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

పాదం తేడాగా కనిపిస్తే మొదటి వారాల్లోనే చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో క్లబ్‌ఫుట్ కూడా ఉంది. ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెబితే జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తారు. వలస వెళ్లాల్సి వస్తే ఆ మాట ముందే ఆస్పత్రిలో చెప్పండి, కాగితాలు వెంట తీసుకెళ్లండి. కట్టు వేశాక బిడ్డ కాలి వేళ్లు నీలంగా మారినా, వాచినా మరుసటి వారం దాకా ఆగొద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.