పాత ఎస్టీడీ బూత్ అంకెలకు మగ్గం దగ్గర కొత్త డ్యూటీ

ఓఎల్ఈడీ మాడ్యూల్స్ ఇంత చవగ్గా దొరుకుతుంటే, ఈ కాలంలో ఎర్ర అంకెల సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లేల వెనక పడడం ఎందుకు? ఈ డౌట్ మీకు వచ్చే ఉంటుంది. సింపుల్ ఆన్సర్: అరంగుళం ఎల్ఈడీ అంకె గదిలో అవతలి మూల నుంచి కూడా కనిపిస్తుంది. 0.96 అంగుళాల ఓఎల్ఈడీని చదవాలంటే దగ్గరికెళ్లి వంగి చూడాల్సిందే. పైగా పాత అంకెలు మన ఊళ్లలో దాదాపు ఫ్రీ.

ఆదోని పత్తికి పెద్ద మార్కెట్. పత్తి ఉన్నచోట జిన్నింగ్ మిల్లులు ఉంటాయి, మిల్లులు ఉన్నచోట కాటాలు ఉంటాయి. మూలన పడిన ఎలక్ట్రానిక్ కాటాలు, స్టెబిలైజర్లు, ఒకప్పటి ఎస్టీడీ బూత్ బిల్లింగ్ మెషీన్లు చివరికి పాత ఇనుము కొట్టుకే చేరతాయి. మన ఏజ్ వాళ్లకు గుర్తుండకపోవచ్చు గానీ, బూత్‌లో మాట్లాడుతుంటే సెకన్లు, రూపాయలు ఎర్రగా పరిగెత్తేవి. అందరి కళ్లూ ఆ అంకెల మీదే! ఆ మెషీన్ ఒక్కటి విప్పితే చాలు, ఒక ప్రాజెక్టుకు సరిపడా అంకెలు వస్తాయి.

ఒక్క వార్నింగ్. వాడుకలో ఉన్న, సీలు వేసిన కాటాను మాత్రం ముట్టుకోవద్దు. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం కింద అది నేరం. ఇంట్లో లోడ్ సెల్‌తో తయారుచేసిన కాటాతో వ్యాపారం చేయడం కూడా కుదరదు. రైతు డబ్బు ఆ అంకెల మీదే ఆధారపడి ఉంటుంది మరి.

ఇక అసలు పని. ముందు డిస్‌ప్లే వెనక నంబర్ చూడండి. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఎల్‌టీ542, ఎల్‌టీ543. మొదటిది కామన్ యానోడ్, రెండోది కామన్ క్యాథోడ్. నంబర్ చెరిగిపోయి ఉంటే మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టండి. పది పిన్నుల సింగిల్ డిజిట్ అయితే సాధారణంగా 3, 8 పిన్నులు కామన్. ఎర్ర ప్రోబ్ కామన్ మీద ఉంచి, నల్లది మిగతా పిన్నుల మీద తిప్పితే సెగ్మెంట్లు వెలుగుతున్నాయా? అయితే కామన్ యానోడ్. తిరగేస్తే వెలిగిందా? కామన్ క్యాథోడ్. ఏ పిన్ ఏ సెగ్మెంటో పేపర్ మీద రాసుకోండి.

పెద్ద సైజు అంకెలతో జాగ్రత్త. నాలుగంగుళాల అంకెలో ఒక్కో సెగ్మెంట్ లోపల చాలా ఎల్ఈడీలు సిరీస్‌లో ఉంటాయి. దానికి 5 వోల్టులు చాలవు, మల్టీమీటర్‌తోనూ వెలగదు. పాడైపోయిందని పారేయకండి. 12 వోల్టుల సప్లై, మధ్యలో ఒక కిలో ఓం రెసిస్టర్ పెట్టి టెస్ట్ చేయండి.

చిన్న అంకెలకు నాకు నచ్చిన చిప్ మ్యాక్స్7219. మూడు వైర్లు, ఒక రెసిస్టర్, ఎనిమిది అంకెలు! అయితే ఇది కామన్ క్యాథోడ్ కోసం చేసిన చిప్. చేతిలో కామన్ యానోడ్ ఉంటే ఒక ట్రిక్ ఉంది. చిప్ సెగ్మెంట్ పిన్నులకు అంకెల కామన్లు కలపండి, డిజిట్ పిన్నులకు సెగ్మెంట్లు కలపండి. డీకోడ్ మోడ్ ఆపేసి, కోడ్‌లో అడ్డాన్ని నిలువుగా, నిలువును అడ్డంగా మార్చి పంపితే సరి. ఈఎస్పీ32 వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. 5 వోల్టుల సప్లైతో నడిచే ఈ చిప్‌కు సిగ్నల్ కనీసం 3.5 వోల్టులు కావాలని డేటాషీట్ చెబుతుంది. 3.3తో ఒక్కోసారి నడుస్తుంది, ఒక్కోసారి పిచ్చి అంకెలు చూపిస్తుంది. మధ్యలో లెవెల్ షిఫ్టర్ పెట్టండి.

ఇవన్నీ పెట్టి మళ్లీ ఇంకో గడియారం చేయడం నాకు బోర్. అందుకే మగ్గానికి పేకల కౌంటర్ మొదలుపెట్టాను. ఎమ్మిగనూరు అంటేనే చేనేత. అక్కడ నా ఫ్రెండ్ వాళ్ల నాయన మగ్గం నేస్తారు. ఏం కావాలి అని అడిగితే ఆయన చెప్పింది ఒక్కటే: "బుటా బుటాకీ మధ్య పేకలు లెక్క పెట్టుకోవాలప్పా. మధ్యలో ఎవరన్నా పలకరిస్తే లెక్క పాయె. తేడా వస్తే విప్పి మళ్లీ నెయ్యాల, ఆ పొద్దు కూలి పోయినట్టే."

సెన్సర్ ఎక్కడ పెట్టాలన్న ఐడియా కూడా ఆయనదే. పేకను దగ్గరికి కొట్టే పలక మీద పెడితే లెక్క నిలవదు, ఎందుకంటే గట్టి నేత కోసం ఒక్కో పేకకు రెండు దెబ్బలు వేస్తారు. కాళ్ల కింది తొక్కుడు చెక్కలు మాత్రం సాదా నేతలో పేకకు ఒకటి చొప్పున మారతాయి. రెండు చెక్కలకూ చెరో అయస్కాంతం, చెరో రీడ్ స్విచ్. ఎడమ తర్వాత కుడి, కుడి తర్వాత ఎడమ పడితేనే కౌంట్ పెరుగుతుంది. ఒకే చెక్క రెండుసార్లు అదిరినా లెక్క మారదు, డీబౌన్స్ గోల సగం అక్కడే పోయింది. పేక విప్పినప్పుడు తగ్గించడానికి ఒక మైనస్ బటన్ కూడా పెట్టాం.

ఎన్ని అంకెలు కావాలి? అంగుళానికి 60 పేకలు అనుకుంటే, ఐదున్నర మీటర్ల చీరకు దాదాపు 13,000. అంటే మొత్తం లెక్కకు ఐదు అంకెలు, బుటా లెక్కకు మూడు. ఎనిమిది! ఒక్క మ్యాక్స్7219కు కరెక్టుగా సరిపోయాయి.

కరెంటు పోతే? ఆర్డునో ఊనోలో ఈఈప్రామ్ ఉంది, అందులో దాచుకోవచ్చు. కానీ ఒక్కో గడికి గ్యారంటీ లక్షసార్లు రాయడం వరకే. ప్రతి పేకకూ ఒకే చోట రాస్తే ఎనిమిదో చీర పూర్తయ్యేలోపే ఆ లక్ష దాటిపోతుంది. మొత్తం 1024 బైట్లను నాలుగేసి చొప్పున 256 గదులు చేసి, ఒకదాని తర్వాత ఒకటి వాడితే రెండున్నర కోట్ల పేకల పైనే. స్టార్ట్ అయినప్పుడు అన్ని గదులూ చదివి, సీరియల్ నంబర్ చూసి చివరగా రాసిందేదో పట్టుకోవాలి. అందుకే కౌంట్‌తో పాటు రెండు బైట్ల సీరియల్ నంబర్ కూడా రాస్తున్నాను.

ఇంకో చిన్న విషయం, స్పెక్ షీట్లలో ఎక్కడా ఉండదు. గుంట మగ్గం దగ్గర వెలుతురు తక్కువ. ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఎనిమిది ఎర్ర అంకెలు మొహం మీద కొడుతుంటే పోగు తెగినా కనపడదు. మ్యాక్స్7219లో పదహారు బ్రైట్‌నెస్ లెవెల్స్ ఉంటే, ఆయన రెండోది చాలన్నారు. ఇప్పుడు మిగిలింది దూది దుమ్ము లోపలికి పోకుండా మంచి డబ్బా వెతకడమే. స్టీలు టిఫిన్ బాక్స్ అయితే ఎలా ఉంటుందని చూస్తున్నాం.