పదహారో నంబరు జెర్సీ నుంచే లెక్క

ఐపీఎల్ వేలాలు చూసీ చూసీ, జట్టు కట్టడమంటే ఒక పెద్ద పేరు మీద పోటాపోటీగా పాట పెంచడమే అన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. 2025 సీజన్‌కు ఒక్కో క్రికెట్ ఫ్రాంచైజీ చేతిలో 120 కోట్ల రూపాయలు ఉన్నాయి. తీసుకోదగ్గది గరిష్ఠంగా 25 మందిని, దిగేది పదకొండు మంది. వేలం రెండు రోజుల్లో ముగిసింది. ఇంగ్లండ్, ఫ్రాన్స్ రగ్బీ క్లబ్బుల్లో ఇదే పని చేసేవాళ్లకు వేలమూ లేదు, సుత్తీ లేదు. ఒక్కొక్కరితో విడివిడిగా బేరమాడి రెండేళ్లకో మూడేళ్లకో ఒప్పందం రాసుకోవాలి. అదైనా వచ్చే సెప్టెంబరులో మొదలయ్యే సీజన్ కోసం ఈ చలికాలంలోనే, ఈ ఏటి ఆట సగంలో ఉండగానే కానివ్వాలి. అప్పటికి ఎవరి మోకాలు నిలుస్తుందో, ఎవరికి దేశం జట్టు నుంచి పిలుపు వస్తుందో తెలియదు. అయినా నలభై మందికి పైగా పేర్లు ఖరారు చేయాలి. అభిమానుల చర్చలు మాత్రం మొదటి పదిహేను మంది చుట్టూనే తిరుగుతాయి. నేను చెప్పదలచింది దీనికి ఎదురుమాట. సీజన్ పొడుగునా గెలిచే రగ్బీ జట్టును పదహారో నంబరు జెర్సీ తొడుక్కునే వాడి నుంచి లెక్కేసుకుంటూ కట్టాలి. స్టార్ ఆటగాడి పేరు ఆ లెక్కలో చివర రావాలి.

పదహారు అన్నది మాటవరసకు అన్న అంకె కాదు. మ్యాచ్ రోజు జట్టులో 23 మంది ఉంటారు. పదిహేను మంది మైదానంలో, ఎనిమిది మంది బెంచీ మీద. బెంచీలో మొదటి మూడు జెర్సీలు, అంటే 16, 17, 18, స్క్రమ్ ముందు వరసలో ఆడేవాళ్లవే. చిన్నపాటి తప్పు జరిగి ఆట ఆగినప్పుడు రెండు జట్ల నుంచీ ఎనిమిదేసి మంది ఒకరినొకరు గట్టిగా పట్టుకుని, తలలు వంచి, ఎదురెదురుగా తోసుకుంటారే, అదే స్క్రమ్. ముందు వరసలో ముగ్గురు. నడుమ హుకర్, అతనికి ఎడమ పక్కన లూజ్‌హెడ్ ప్రాప్, కుడి పక్కన టైట్‌హెడ్ ప్రాప్. లూజ్‌హెడ్ తలకు ఒక వైపైనా ఖాళీ ఉంటుంది. టైట్‌హెడ్ తల మాత్రం అవతలి హుకర్‌కూ లూజ్‌హెడ్‌కూ నడుమ ఇరుక్కుపోతుంది. ముందు నుంచి ఇద్దరి బరువు, వెనక నుంచి తనవాళ్ల తోపుడు, రెంటినీ మెడ మీద, వెన్ను మీద మోయాలి. అలవాటు లేనివాణ్ణి అక్కడ నిలబెడితే ఓటమి సంగతి దేవుడెరుగు, మెడ విరిగే ప్రమాదం ఉంది. అందుకే 23 మందితో దిగే జట్టులో ఆ మూడు స్థానాలకూ శిక్షణ పొందినవాళ్లు ఇద్దరేసి ఉండి తీరాలని నిబంధన పెట్టారు. వాళ్లు అందుబాటులో లేకుండా పోతే రిఫరీ తోపుడు లేని స్క్రమ్‌లు ఆడిస్తాడు. స్క్రమ్ మీద ఆధారపడే జట్టుకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు. మైదానం అంచున ఆడే వింగర్‌కు దెబ్బ తగిలితే నడుమ సెంటర్ ఆడేవాణ్ణి అటు జరిపి నెట్టుకురావచ్చు. టైట్‌హెడ్ కుంటుకుంటూ బయటికి వస్తే ఆ చోటికి ఇంకో టైట్‌హెడ్డే కావాలి.

ఇక గాయాల లెక్క చూద్దాం. ఇంగ్లండ్ ప్రొఫెషనల్ రగ్బీలో 2002 నుంచి 2019 దాకా మ్యాచ్ గాయాలను నమోదు చేసిన అధ్యయనం ప్రకారం, ఆటగాళ్లు మైదానంలో గడిపిన ప్రతి వెయ్యి గంటలకు దాదాపు 87 గాయాలయ్యాయి. గాయపడినవాడు సగటున 25 రోజులు ఆటకు దూరమయ్యాడు. పదిహేను మంది 80 నిమిషాలు ఆడితే ఒక జట్టుకు మొత్తం 20 గంటలు. అంటే ప్రతి మ్యాచ్‌కూ ఒక్కో జట్టులో ఇంచుమించు ఇద్దరు దెబ్బ తింటారు. వారానికో మ్యాచ్ చొప్పున ఆడుతూపోతే, ఏ వారం చూసినా ఆరుగురు చికిత్సలో ఉంటారు. సాధనలో తగిలే దెబ్బలు దీనికి అదనం. సగటు అన్నది ఎప్పుడూ కొంత దాచిపెడుతుంది. కొందరు పది రోజుల్లో తిరిగొస్తే, మోకాలి లిగమెంట్ తెగినవాడికి సీజనే అయిపోతుంది. ఇంతలో నవంబరులో అంతర్జాతీయ మ్యాచ్‌లు, ఫిబ్రవరి, మార్చిలలో యూరప్‌లోని ఆరు దేశాల పోటీ సిక్స్ నేషన్స్ వస్తాయి. మంచి క్లబ్బు నుంచి అరడజను మందికి తక్కువ కాకుండా దేశాల జట్లకు వెళ్లిపోతారు. ఎంత మంచి క్లబ్బయితే అంత ఎక్కువమంది పోతారన్నది ఇందులోని వింత. 42 మంది ఉన్న జట్టులోంచి ఇవన్నీ తీసివేయండి. మ్యాచ్‌కు కావలసిన 23 మంది పైన మిగిలేది కొద్దిమందే, అందులోనూ ముందు వరసవాళ్లు ఆరుగురు కుదరడం గగనం. ఈ లెక్క చూశాక ఒక్కో ముందు వరస స్థానానికి నలుగురేసిని ఎందుకు పెట్టుకోవాలో అడగాల్సిన పని ఉండదు.

అందరినీ కొనేస్తే సరిపోదా అంటే, డబ్బుకు గిరి గీసి ఉంది. ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్‌లో 2024-25 సీజన్‌కు ఒక క్లబ్బు జీతాల మీద పెట్టగలిగే మూల పరిమితి 64 లక్షల పౌండ్లు. మన డబ్బులో 70 కోట్ల పైచిలుకు. సొంత అకాడమీలో పెరిగిన ఆటగాళ్లు ఉంటే దాని మీద కొంత వెసులుబాటు దొరుకుతుంది. 64 లక్షలను నలభై మందికి సమానంగా పంచితే మనిషికి లక్షా అరవై వేల పౌండ్లు. ఎవరికైనా మూడు రెట్లు ఇవ్వాలంటే ఇంకెవరికో కోత పెట్టాలి. ఈ శాలరీ క్యాప్‌లో ఒక మినహాయింపు ఉంది. ఒకే ఒక్క స్టార్ ఆటగాడి జీతాన్ని పరిమితిలో లెక్కించరు. స్టార్‌ను తెచ్చుకోవడం వల్ల మిగతావాళ్ల వాటా తగ్గదు కదా అని వాదించేవాళ్లు ఈ మినహాయింపునే చూపిస్తారు. కాగితం మీద నిజమే. కానీ పరిమితి లోపలి డబ్బూ, బయటి డబ్బూ వచ్చేది ఒకే జేబులోంచి. 2022లో వూస్టర్ వారియర్స్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్ ఆర్థికంగా కుప్పకూలి లీగ్ నుంచి తప్పుకోవలసి వచ్చింది. పదమూడు క్లబ్బుల ప్రీమియర్‌షిప్ పదికి కుదించుకుపోయింది. ఆ క్లబ్బులు స్టార్ జీతాల వల్లే మునిగాయని అనను. ఆదాయానికి మించిన ఖర్చు ఎంత తేలికగా అలవాటవుతుందో మాత్రం అవి చూపించాయి.

ఈ మాటలన్నిటికీ బాత్ క్లబ్బును మించిన ఉదాహరణ కనపడదు. 2021-22లో ఆ జట్టు పదమూడు క్లబ్బుల పట్టికలో అట్టడుగున నిలిచింది. సొంత మైదానంలో సారసెన్స్ చేతిలో 71-17తో చిత్తయింది, గ్లాస్టర్ మీద ఒక్క పాయింటూ చేయలేక 64-0తో ఓడింది. 2022లో దక్షిణాఫ్రికాకు చెందిన యోహాన్ వాన్ గ్రాన్ కోచ్‌గా వచ్చాడు. మూడేళ్లు తిరిగేసరికి, 2025లో, అదే బాత్ లీగ్ పట్టికలో అగ్రస్థానం దక్కించుకుని, ఫైనల్లో లెస్టర్‌ను 23-21తో ఓడించి 1996 తర్వాత మొదటిసారి ఇంగ్లండ్ చాంపియన్ అయింది. అదే సీజన్‌లో చాలెంజ్ కప్, ప్రీమియర్‌షిప్ కప్ కూడా గెలిచింది. ఈ జట్టు ఒక్క వేసవిలో కొన్నది కాదు. టైట్‌హెడ్ విల్ స్టువర్ట్ 2019లోనే వాస్ప్స్ నుంచి వచ్చాడు. స్క్రమ్ వెనక నుంచి బంతి అందించే స్క్రమ్ హాఫ్ బెన్ స్పెన్సర్ 2020లో సారసెన్స్ నుంచి వచ్చి తర్వాత కెప్టెన్ అయ్యాడు. వూస్టర్ మూతబడ్డప్పుడు ఆలీ లారెన్స్, టెడ్ హిల్ దొరికారు, వాస్ప్స్ పోయినప్పుడు ఆల్ఫీ బార్బీరీ దొరికాడు. హుకర్ టామ్ డన్, లూజ్‌హెడ్ బెనో ఒబానో బాత్ అకాడమీలో పెరిగినవాళ్లు. 2023లో డర్బన్‌లోని షార్క్స్ జట్టు నుంచి టైట్‌హెడ్ థామస్ డు టాయ్‌ను తెచ్చారు. అప్పటికే ఇంగ్లండ్‌కు ఆడే స్టువర్ట్ చేతిలో ఉండగా, అదే స్థానానికి దక్షిణాఫ్రికాకు ఆడిన డు టాయ్ ఎందుకన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఎనభై నిమిషాల్లో ఒకరు మొదలుపెడితే ఇంకొకరు ముగించేవారు. ఎదుటి జట్టు ప్రాప్‌లు అలసిపోయే వేళకు బాత్ తరఫున అదే స్థాయి మనిషి తాజాగా దిగేవాడు. ఫైనల్లో బాత్ చేసిన రెండు ట్రైలలో (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై) ఒకటి డు టాయ్‌ది, రెండోది అకాడమీ కుర్రాడు మాక్స్ ఓజోమోది. జట్టును ఎక్కడెక్కడి నుంచి కూర్చారో ఆ రెండు పేర్లే చెబుతాయి.

కానీ ఫిన్ రసెల్ మాటేమిటి? స్కాట్లాండ్ ఫ్లై హాఫ్ రసెల్ కూడా 2023లోనే ప్యారిస్‌లోని రేసింగ్ 92 నుంచి బాత్‌కు వచ్చాడు. ఫ్లై హాఫ్ అంటే బంతి ఎటు పోవాలో నిర్ణయించే పదో నంబరు, రగ్బీలో పోస్టర్ల మీద కనిపించేది ఎక్కువగా అతనే. రసెల్ రాకముందు సీజన్‌లో ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టు, అతను వచ్చిన ఏడాది రెండో స్థానానికి ఎగబాకి ఫైనల్ దాకా వెళ్లింది. ఇది స్టార్ చలవేనంటే పూర్తిగా కాదనలేం. ఫైనల్లోని 23 పాయింట్లలో 13 అతని కాలి నుంచే వచ్చాయి. నా అభ్యంతరమల్లా వరసక్రమం గురించి. పదో నంబరు తెలివి పనిచేయాలంటే ముందు బంతి అతని చేతికి శుభ్రంగా రావాలి, స్క్రమ్ వెనక్కి జరగకూడదు. వాన్ గ్రాన్ మొదటి ఏడాదిలోనే లారెన్స్, హిల్ లాంటివాళ్లను పోగేశాడు. వాళ్లు కుదురుకున్నాకే రసెల్ వచ్చాడు. ఒబానోకు 21వ నిమిషంలోనే రెడ్ కార్డు పడిన 2024 ఫైనల్లో పద్నాలుగు మందితో ఆడి నార్తాంప్టన్ చేతిలో 25-21తో, అంటే నాలుగు పాయింట్ల తేడాతోనే ఓడారంటే, ఆ రోజు నిలబెట్టింది ఏ ఒక్కరో కాదు.

స్టార్ వాదానికి ఇంకా సూటి పరీక్ష ఫ్రాన్స్‌లో జరిగింది. తులూజ్ స్క్రమ్ హాఫ్ ఆంత్వాన్ దుపోఁ ఈ తరంలో అత్యుత్తమ ఆటగాడని చాలామంది ఒప్పుకుంటారు. 2025 మార్చిలో డబ్లిన్‌లో ఐర్లండ్‌తో మ్యాచ్‌లో అతని మోకాలి లిగమెంట్ తెగింది. సీజన్ అయిపోయింది. ఫ్రాన్స్ టాప్ 14 లీగ్‌లో పద్నాలుగు జట్లు ఇంటా బయటా తలపడతాయి కనుక నాకౌట్లకు ముందే 26 మ్యాచ్‌లు. దేశం జట్టు ఆడుతున్న వారాల్లో కూడా లీగ్ మ్యాచ్‌లు నడుస్తుంటాయి, క్లబ్బులు మిగిలినవాళ్లతోనే దిగాలి. దుపోఁ స్థానంలో పోల్ గ్రావు ఆడాడు. ఫ్రాన్స్ బయట ఆ పేరు విన్నవాళ్లు తక్కువ. జూన్‌లో ఫైనల్లో అదనపు సమయం దాకా వెళ్లి బోర్డో మీద 39-33తో తులూజ్ గెలిచింది, వరసగా మూడో టైటిల్. దుపోఁ ఉండి ఉంటే ఇంకా తేలికగా గెలిచేవాళ్లేమో. కానీ వచ్చే సీజన్‌కు జట్టు రాసుకునే మేనేజర్‌కు పనికొచ్చే పాఠం గ్రావు దగ్గర ఉంది. అతణ్ణి మార్చిలో దుపోఁ గాయపడ్డాక వెతుక్కోలేదు, ముందే పెట్టుకున్నారు, అంతకుముందే ఆడించారు.

డబ్బున్న క్లబ్బు ఎలాగైనా గెలుస్తుంది, ఈ లెక్కలన్నీ ఎందుకు అనేవాళ్లకు సారసెన్స్ కథ ఉంది. మూడు సీజన్లపాటు శాలరీ క్యాప్ దాటారని తేలి 2019 నవంబరులో ఆ క్లబ్బుకు 53.6 లక్షల పౌండ్ల జరిమానా, 35 పాయింట్ల కోత పడ్డాయి. ఆ సీజన్ చివర కింది డివిజన్‌కు దించాలని 2020 జనవరిలో తేల్చారు. మామూలు జీతాలు కాకుండా యజమాని కొందరు ఆటగాళ్లతో పెట్టుకున్న వ్యాపార భాగస్వామ్యాలు కూడా అందులో చర్చకు వచ్చాయి. నా దృష్టిలో ఈ కేసు డబ్బు వాదాన్ని బలపరిచేదేమీ కాదు. ఆ పరిమితి దాటడం వల్ల వాళ్లకు దక్కింది కొత్త స్టార్ కాదు, చేతిలో ఉన్న అంతమందినీ వదులుకోకుండా ఉండగల వీలు. పరిమితి నిజంగా వర్తిస్తే అందులో కొందరు వేరే క్లబ్బులకు పోవలసినవాళ్లే. తీరా శిక్ష పడ్డాక స్పెన్సర్ బాత్ చేరడం యాదృచ్ఛికమేం కాదు. ఒక క్లబ్బులో సీజన్ ముగిసే తీరు ఇంకో క్లబ్బు జట్టు జాబితాను మార్చేస్తుంది. కొందరి కష్టకాలం ఇంకొందరికి అంగడి అవుతుందనడం వినడానికి బాగుండదు గానీ, రగ్బీలో జరిగేది అదే.

మన దగ్గర ఈ లెక్క వేరు. 2025 జూన్‌లో ముంబైలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఆరు జట్లు ఆడాయి, హైదరాబాద్ హీరోస్ అందులో ఒకటి, చెన్నై బుల్స్ తొలి విజేత. అది ఏడుగురేసి ఆడే సెవెన్స్ రగ్బీ. స్క్రమ్‌లో ముగ్గురే ఉంటారు, పోటీ రెండు వారాల్లో అయిపోతుంది, అక్కడ నాలుగో టైట్‌హెడ్ బెడద లేదు. కొద్దిమంది విదేశీ స్టార్లు, వాళ్ల పక్కన మనవాళ్లు అన్న ఐపీఎల్ పద్ధతి దానికి సరిపోతుంది. పదిహేను మంది ఆటకు, తొమ్మిది నెలల సీజన్‌కు ఆ పద్ధతిని అరువు తెచ్చుకుంటేనే ఇబ్బంది.

నా వాదన మీద నిజంగా బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఇంత లోతుగా జట్టు పెట్టుకుంటే వారమంతా సాధన చేసి శనివారం చొక్కా ప్యాంటు వేసుకుని స్టాండ్‌లో కూర్చునేవాళ్లు పదిహేను, ఇరవై మంది తేలతారు. ఆడనివాడి ఆట మొద్దుబారుతుంది, మనసు విరిగిపోతుంది, జీతం మాత్రం శాలరీ క్యాప్‌ను తింటూనే ఉంటుంది. ఇది కాదనలేని మాట. ముందు వరసలో మరీ నిజం, ఎందుకంటే ప్రాప్‌లు నెమ్మదిగా పండుతారు. ఇరవై రెండేళ్లకే వింగర్ దేశానికి ఆడగలడు గానీ, టైట్‌హెడ్‌కు ఇరవై ఆరు, ఇరవై ఏడు దాటితే గానీ బలం, ఒడుపు రెండూ కుదరవు. ఆ నాలుగైదేళ్లు అతను ఎక్కడ ఆడాలి? ఇంగ్లండ్ క్లబ్బులు అలాంటి కుర్రాళ్లను కింది డివిజన్ క్లబ్బులకు అప్పుగా పంపుతాయి, కప్ మ్యాచ్‌లలో దించుతాయి. శుక్రవారం రాత్రి చిన్న మైదానంలో, వానలో, తనకన్నా పదేళ్లు పెద్దవాడి భుజాల కింద స్క్రమ్ మీద స్క్రమ్ ఆడి వచ్చిన కుర్రాడు రెండేళ్ల తర్వాత 18వ నంబరుకు సిద్ధమవుతాడు. అలా పంపే చోటు, పిలిచే ఏడాది రెండూ ముందే అనుకోకుండా నాలుగో టైట్‌హెడ్‌తో ఒప్పందం రాసుకునే క్లబ్బుకు ఈ అభ్యంతరం పూర్తిగా వర్తిస్తుంది. అలాంటి క్లబ్బు ఆ కుర్రాణ్ణి తీసుకోకపోవడమే అతనికి మేలు.