దాడియా? రక్షణయా?

ఫుట్‌బాల్ ఆటలో విజయమునకు మూలము దాడియా, రక్షణయా? గోలు చేయనివారు గెలువలేరని కొందరందురు. గోలు కాచుకొననివారు నిలువలేరని మరికొందరందురు. 1962వ సంవత్సరమున జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలు ఈ వివాదమునకు చక్కని సమాధానమొసగినవి.

ఆనాడు భారత జట్టునకు శిక్షకుడు హైదరాబాదు వాసియగు సయ్యద్ అబ్దుల్ రహీం. తొలి పోటీలో మన జట్టు దక్షిణ కొరియాకు రెండు గోలులిచ్చి, తా నొక్కటియు చేయజాలక ఓడిపోయెను. పిమ్మట థాయిలాండుతో ఆడునపుడు రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. అయినను రహీం అతనిని విడువలేదు. సెమీఫైనలునందు ముందువరుసకు మార్చి దాడికి నిలిపెను. అతడు గోలు చేసెను. వెనుక అతని స్థానమును తోటివారు కాచిరి.

తుదిపోటీలో మరల దక్షిణ కొరియాయే ఎదురయ్యెను. ప్రథమార్ధముననే పి. కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగు ఒకటి చొప్పున గోలులు చేసిరి. కాని ఆట అంతటితో ముగియలేదు. గోల్‌కీపరు తంగరాజును, రక్షకులును తుదివరకు ప్రత్యర్థుల నడ్డగించిరి. కొరియావారు చివరి నిమిషములలో ఒక్క గోలు మాత్రమే చేయగలిగిరి. స్వర్ణపతకము భారతదేశమునకు దక్కెను.

దాడి విజయమును తెచ్చును. రక్షణ దానిని నిలుపును. ఆర్జించుటయు, కాపాడుకొనుటయు ఎరిగిన జట్టే విజేత యగును.